చేపకు చాలిన శుద్ధి

2018 అక్టోబరు మధ్యలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో లానో నది ఉప్పొంగింది. కింగ్స్‌లాండ్ దగ్గర రోడ్డు వంతెన ఒకటి ఆ వరదకు కూలిపోయింది. అక్కణ్ణుంచి ఆ ఎర్రనీళ్ళు ఒకదాని కింద ఒకటిగా ఉన్న జలాశయాలు దాటుకుంటూ ఆస్టిన్ నగరం వైపు దిగాయి. వారం తిరక్కముందే ఆ మన్నంతా నగరానికి తాగునీరిచ్చే మూడు శుద్ధి కేంద్రాల దగ్గరికి చేరింది. మట్టిని అడుగుకు దించడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సమయం పట్టసాగింది. ఫిల్టర్లు మాటిమాటికీ పూడుకుపోయాయి. ఊరు వాడుకునేంత నీటిని కేంద్రాలు తయారుచేయలేకపోయాయి. అక్టోబరు 22న నీటి విభాగం నగరమంతటికీ హెచ్చరిక జారీ చేసింది: కుళాయి నీళ్ళు కాచి తాగండి. ఊరు ఊరంతటికీ అలా చెప్పవలసి రావడం ఆస్టిన్ చరిత్రలో అదే మొదటిసారి. 28న గానీ ఆ హెచ్చరిక తొలగలేదు.

ఆస్టిన్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కాచి చల్లార్చిన నీళ్ళు వాళ్ళకు కొత్త కాదు. ఇంట్లో ఎవరికైనా టైఫాయిడ్ వచ్చినా, పసిపిల్లలున్నా, వానాకాలంలో కుళాయి రంగు మారినా పొయ్యి మీద తపేలా పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటే. అయితే ఇలాంటి హెచ్చరిక వెలువడినప్పుడల్లా అక్వేరియం పెంచేవాళ్ళకు మాత్రం ఇంకో ఆలోచన తడుతుంది. చేపల కోసం వందల డాలర్లు పోసి కొన్న శుద్ధి యంత్రం గోడకు బిగించి ఉంది. మున్సిపాలిటీ నీళ్ళ కంటే ఎంతో శుభ్రమైన నీళ్ళు అందులోంచి వస్తాయని రోజూ మీటరు పెట్టి చూస్తూనే ఉన్నారు. మరి ఆ నీళ్ళు ఎందుకు తాగకూడదు?

ఈ ప్రశ్నను కొట్టిపారేయడం నాకిష్టం లేదు. అడిగేవాళ్ళు నీటి గురించి సాధారణ పౌరుడి కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు. అమ్మోనియా, నైట్రైటు, క్షారత, కాఠిన్యం వారంవారం కొలిచి చూసుకునేవాళ్ళు. వాళ్ళ తర్కంలో తప్పు ఎక్కడుందో వెతుకుతూ పోతే నీటి శుద్ధి అనే శాస్త్రం మొత్తం మన ముందు విప్పారుతుంది.

ముందు ఆ యంత్రాన్ని చూద్దాం. సముద్రపు చేపలు, పగడాలు పెంచేవాళ్ళ ఇళ్ళలో ఉండేది ఆర్‌ఓ డీఐ అనే పరికరం. వరుసగా నాలుగు గొట్టాలు. మొదటి దాంట్లో మట్టిని ఆపే కాట్రిడ్జ్, సాధారణంగా 5 మైక్రాన్లది. రెండో దాంట్లో క్లోరిన్‌ను, క్లోరమైన్‌ను పట్టేసే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్. మూడోది ఆర్‌ఓ మెంబ్రేన్. నాలుగో గొట్టంలో డీఐ రెజిన్ పూసలు. మెంబ్రేన్ దాటి వచ్చిన కొద్దిపాటి లవణాలను అవి పట్టుకుంటాయి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే సైజు రోజుకు 75 గ్యాలన్లు, అంటే 280 లీటర్ల పైచిలుకు నీళ్ళిస్తుంది. పగడానికి ఇంత శుద్ధి ఎందుకంటే, మనకు ఏమాత్రం హాని చెయ్యనంత కొద్దిపాటి రాగి కూడా రొయ్యలనూ నత్తలనూ పగడాలనూ చంపేస్తుంది. ఫాస్ఫేటు ఉంటే నాచు అల్లుకుపోతుంది. అందుకే నీటిలో ఉన్నవన్నీ తీసేసి, కావలసిన సముద్ర లవణాలను కొలత ప్రకారం తిరిగి కలుపుకుంటారు.

కరిగిన వాటిని తీసెయ్యడం: ఆ యంత్రం పుట్టింది ఇందుకోసం. బాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవుల గుడ్లు నీటిలో కరిగి ఉండవు. తేలుతూ ఉంటాయి.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడ్డుతగులుతాడు. ఉప్పునే ఆపగలిగిన మెంబ్రేన్ బాక్టీరియాను ఆపలేదా? సోడియం అయాను చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉన్నా దాని వెడల్పు నానోమీటరుకు మించదు. హెపటైటిస్ ఎ వైరస్ దానికి ముప్ఫై రెట్లు. ఇ-కోలి బాక్టీరియా పొడవు రెండు వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. చిన్నదాన్ని ఆపినప్పుడు పెద్దది ఎలా దాటుతుంది?

మెంబ్రేన్ పొర గుండా అది దాటదు. పక్క నుంచి దాటుతుంది. మెంబ్రేన్ అంటే గొట్టంలో చుట్టచుట్టి పెట్టిన పల్చటి షీటు. దాని అంచులు జిగురుతో అతికించి ఉంటాయి. రెండు చివరలా నీరు కారకుండా రబ్బరు ఓ-రింగులుంటాయి. జిగురులో ఒక వెంట్రుకవాసి సందున్నా, ఓ-రింగు కొంచెం మెలిపడినా శుద్ధికాని నీరు శుద్ధమైన నీటిలోకి చేరుతుంది. లవణాల విషయంలో ఇది పెద్ద నష్టం కాదు. మంచి మెంబ్రేన్ కూడా 95 నుంచి 98 శాతం లవణాలనే ఆపుతుంది. మిగతాది రెజిన్ చూసుకుంటుంది. క్రిముల లెక్కలో మాత్రం 98 శాతం అనేది చాలా తక్కువ. లీటరులో లక్ష బాక్టీరియా ఉంటే 98 శాతం తీసేసినా రెండు వేలు మిగులుతాయి. క్రిములను తొలగించే తాగునీటి పరికరాలకు అమెరికా పర్యావరణ సంస్థ 1987లో పెట్టిన కొలబద్ద ఇది: బాక్టీరియా 99.9999 శాతం, వైరస్‌లు 99.99 శాతం, పరాన్నజీవుల గుడ్లు 99.9 శాతం పోవాలి. ఆ తొమ్మిదుల వరుసలో ఒక్కో తొమ్మిది చేరేసరికి మిగిలేవి పదో వంతుకు తగ్గుతాయి. అక్వేరియం యంత్రాన్ని సాధారణంగా ఆ కొలబద్ద ముందు నిలబెట్టి పరీక్షించరు. పరీక్షించవలసిన అవసరమూ పగడానికి లేదు. పెట్టె మీద తాగడానికి కాదని రాసి ఉంటే అది కోర్టు కేసులకు భయపడి రాసిన మాట మాత్రమే అనుకోకూడదు. తాగడానికి తగునో లేదో కొలిచి చూడలేదు అని దాని అర్థం.

మీటరు సంగతి మన దగ్గర ఇంకా బాగా అర్థమవుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆర్‌ఓ అమ్మడానికి ఇంటికొచ్చినవాళ్ళు ముందు చేసే పని గ్లాసు నీళ్ళలో టీడీఎస్ మీటరు ముంచి చూపించడం. బోరు నీళ్ళలో వందల్లో అంకె కనిపిస్తుంది, ఆర్‌ఓ నీళ్ళలో పదుల్లోకి పడిపోతుంది. ఇంటివాళ్ళకు నమ్మకం కుదురుతుంది. ఆ మీటరు నిజానికి కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో. దాన్నిబట్టి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో అంచనా కట్టి చూపిస్తుంది. ఒక బాక్టీరియా బరువు సుమారు గ్రాములో లక్ష కోట్లో వంతు. లీటరు నీళ్ళలో పది లక్షల బాక్టీరియా ఉన్నా వాటి మొత్తం బరువు ఒక మైక్రోగ్రాము. మీటరు చూపించగలిగిన అతి చిన్న అంకె ఒక మిల్లీగ్రాము, దానికి వెయ్యి రెట్లు. అదీగాక బాక్టీరియా కరిగిన లవణం కాదు కనుక ఆ మీటరుకు అది దాదాపు కనిపించనే కనిపించదు. మంచాన పడేసేంత మురుగు కలిసిన నీటిలో కూడా సున్నా కనిపించవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్లగొండ పల్లెలో ఆర్‌ఓ చేసే మేలు నిజమైనదే. కానీ ఆ మేలును చూపే అంకె వేరే ప్రమాదం గురించి ఏమీ చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది. రెండో గొట్టంలోని బొగ్గు క్లోరమైన్‌ను తీసేసింది కదా. అక్కణ్ణుంచి అవతల ఉన్న ప్రతి గొట్టం, ప్రతి మూల, రెజిన్ పూసల మధ్య సందులు, నీళ్ళు నింపుకునే ప్లాస్టిక్ డబ్బా, ఇవన్నీ క్రిమిసంహారి లేని తడి చోట్లు. ఒక్క బాక్టీరియా చేరితే చాలు, గోడలకు జిగటగా అంటుకుని పెరుగుతుంది. వాటిలో ఎక్కువ భాగం హానిచెయ్యనివే. కానీ కాచి తాగమన్న రోజున ఏ రకం దాటి వచ్చిందో మనకు తెలియదు. పైగా చాలా ఊళ్ళలో ఈ హెచ్చరిక రావడానికి కారణం పెద్ద పైపు పగిలి ఒత్తిడి పడిపోవడం. పైపులో ఒత్తిడి తగ్గితే చుట్టూ ఉన్న మట్టిలోని మురికి పగుళ్ళ గుండా లోపలికి లాగబడుతుంది. ఆర్‌ఓ మెంబ్రేన్‌కూ ఒత్తిడే ఆధారం. ఒత్తిడి తగ్గితే దాని గుండా వచ్చే నీళ్ళు తగ్గుతాయి గానీ లవణాల ఊట అంతగా తగ్గదు. అంటే హెచ్చరిక వచ్చిన రోజే ఆ యంత్రం మామూలు కంటే అధ్వానంగా పనిచేసే అవకాశం ఎక్కువ.

ఇక అతినీల లోహిత దీపం, అందరూ యూవీ అని పిలిచేది. చేపల తొట్టెలో నీళ్ళు పచ్చబడకుండా, రోగాలు ఒక చేప నుంచి ఇంకో చేపకు పాకకుండా దీన్ని వాడతారు. 254 నానోమీటర్ల తరంగ దైర్ఘ్యంలో వెలువడే ఆ కాంతి క్రిముల డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్ ముక్కలను ఒకదానికొకటి అతికించేస్తుంది; ఆపైన ఆ క్రిమి రెండుగా చీలలేదు. విద్య నిజమైనదే. పెద్ద పెద్ద తాగునీటి కేంద్రాలూ ఇదే వాడతాయి. తేడా ఎక్కడంటే, తొట్టెలో నీరు తిరుగుతూ ఉంటుంది. పంపు కొంత నీటిని దీపం ముందుకు తెస్తుంది, అది మళ్ళీ తొట్టెలోనే కలుస్తుంది. కడిగిన గిన్నెను తిరిగి అంట్ల కుప్పలోనే వేసి, కళ్ళు మూసుకుని ఇంకోటి తీస్తూ పోయినట్టు. రెండు వందల లీటర్ల తొట్టెలో రెండు వందల లీటర్లూ ఒకసారి పంపులోంచి పోయాయనుకున్నా, కొన్ని చుక్కలు రెండు మూడు సార్లు పోయి ఉంటాయి, కొన్ని ఒక్కసారీ పోయి ఉండవు. లెక్క కడితే అలా దీపాన్ని చూడనే చూడని నీరు 37 శాతం. మూడు చుట్లు తిరిగాక కూడా 5 శాతం మిగులుతుంది. వైరస్‌లకు కావలసిన 99.99 శాతం రావాలంటే, దీపం ఎంత గొప్పదైనా సరే, తొమ్మిది చుట్లకు పైగా తిరగాలి. ఈలోగా ఎవరో ఒకరు అందులో గ్లాసు ముంచితే ఆ గ్లాసులో ఏముందో చెప్పలేం.

నా దృష్టిలో మొత్తం విషయానికి ఇదే కీలకం. చేపల తొట్టెలో శుద్ధి అనేది సగటు మీద నడుస్తుంది. క్రిముల సంఖ్య ఒక మోతాదు దాటకపోతే చేప తట్టుకుంటుంది. ఆ తొట్టెలోని అసలైన శుద్ధి యంత్రం కూడా బాక్టీరియానే: చేప విసర్జించిన అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా వంటివి స్పాంజి నిండా, రాళ్ళ నిండా ఉంటాయి. వాటిని పెంచడానికే ఫిల్టరు కొంటాం. తాగునీటి విషయంలో సగటు పనికిరాదు. గొంతు దిగే ప్రతి గుక్కా విడిగా గట్టెక్కాలి.

దీపం మోతాదు సంగతి కూడా ఒక మాట. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిని 99.9 శాతం అణచడానికి చదరపు సెంటీమీటరుకు 12 మిల్లీజౌళ్ళు చాలు. అడినోవైరస్ లాంటి మొండి వైరస్‌లను లెక్కలో పెట్టుకుని 99.99 శాతానికి అమెరికా నియమాలు అడిగేది 186. అక్వేరియం దీపం గాజు తొడుగు మీద సున్నం పట్టి ఉంటే, బల్బుకు ఏడాది దాటి ఉంటే, నీటిలో మట్టి ఉంటే, దాని అసలు మోతాదు ఎంతో కొలిచే సాధనం ఇంట్లో ఉండదు. నీలంగా వెలుగుతూ కనిపించడం మోతాదుకు గుర్తు కాదు.

మట్టి అన్నాం కాబట్టి మిల్వాకీ కథ చెప్పక తప్పదు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ నగరంలో 1993 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో జనం కుప్పలు తెప్పలుగా విరేచనాలతో మంచం పట్టారు. మందుల దుకాణాల్లో విరేచనాలు ఆపే మాత్రలు అయిపోయాయి. ఏప్రిల్ 7న మేయర్ జాన్ నార్‌క్విస్ట్ నీళ్ళు కాచి తాగమని ప్రకటించాడు. కారణం క్రిప్టోస్పోరిడియం. నగరానికి దక్షిణాన ఉన్న శుద్ధి కేంద్రంలో ఆ రోజుల్లో మట్టిని పట్టే ప్రక్రియ సరిగా కుదరలేదు; శుద్ధిచేసిన నీటి కలకదనం 1.7 యూనిట్ల దాకా వెళ్ళింది. ఇప్పుడు అమెరికాలో నూటికి తొంభై అయిదు నమూనాలు 0.3 దాటకూడదన్నది నియమం. అయితే మనిషి కంటికి కలకదనం కనపడాలంటే నాలుగు యూనిట్ల దాకా ఉండాలి. అంటే మిల్వాకీలో జనం తాగిన నీళ్ళు గ్లాసులో తేటగానే కనిపించి ఉంటాయి. తరువాత జరిపిన అధ్యయనం జబ్బుపడినవారి సంఖ్యను 4,03,000గా అంచనా వేసింది. రోగనిరోధక శక్తి కోల్పోయినవాళ్ళు, ముఖ్యంగా ఎయిడ్స్ రోగులు, పదుల సంఖ్యలో చనిపోయారు. ఆ రోజుల్లో తయారై మిగిలిన మంచుగడ్డలను కరిగించి చూస్తే వాటిలో ఆ పరాన్నజీవి గుడ్లు దొరికాయి.

ఆ గుడ్డు 4 నుంచి 6 మైక్రాన్లు. అక్వేరియం యంత్రం మొదటి కాట్రిడ్జ్ 5 మైక్రాన్లది. ఆ అంకె కూడా నామమాత్రమే; అంత పరిమాణం ఉన్నవాటిలో ఎక్కువ భాగాన్ని ఆపుతుందని అర్థం, అన్నిటినీ అని కాదు. క్లోరిన్‌కు ఈ గుడ్డు లొంగదు. ఈతకొలనుల్లో ఉంచే క్లోరిన్‌లో వారానికి పైగా బతుకుతుంది.

వేడికి మాత్రం లొంగుతుంది. బాక్టీరియా, వైరస్, పరాన్నజీవి అన్న తేడా లేకుండా తాగునీటి ద్వారా రోగాలు తెచ్చే క్రిములన్నీ 70 డిగ్రీలు దాటిన నీటిలో ఎక్కువసేపు నిలవవు. మరి 100 దాకా ఎందుకంటే, ఇంట్లో థర్మామీటరు లేకుండా గుర్తించగలిగిన ఒకే ఒక్క ఉష్ణోగ్రత నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత. బుడగలు అడుగు నుంచి లేచి, కలియబెట్టినా ఆగకుండా కళపెళా మరుగుతుంటే తపేలాలో ప్రతి చుక్కా ఆ వేడిని చూసిందని కంటితోనే తెలుస్తుంది. ఓ-రింగు సందు లేదు, దీపాన్ని తప్పించుకునే దారి లేదు. అలా ఒక నిమిషం మరగనిస్తే చాలు. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తు దాటిన ఊళ్ళలో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడ మూడు నిమిషాలు. పావుగంట, ఇరవై నిమిషాలు మరిగించడం గ్యాసు దండగే.

అంటే ఆ ఖరీదైన యంత్రం వృథా అని కాదు. ఆస్టిన్‌లో లాగా మట్టి సమస్య ఉన్నప్పుడు ఆర్‌ఓ నీళ్ళను పట్టి, వాటిని కాచుకుంటే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి. కాచడం చివర ఉండాలి, అంతే. గ్యాసు గానీ కరెంటు గానీ లేని రోజున ఆరు శాతం సువాసన లేని బ్లీచ్ లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగమంటారు. కలక నీటికి అంతకు రెట్టింపు పడుతుంది, తేర్చిన నీటికి పట్టదు. మన పల్లెల్లో పటిక తిప్పి, చిల్లగింజ అరగదీసి కడవలో మడ్డి దింపినట్టే, ఇక్కడ కాట్రిడ్జ్ మడ్డి దింపుతుంది. ఒక్క జాగ్రత్త. చేపల కోసం వాడే డీక్లోరినేటర్ కలిసిన బకెట్లో బ్లీచ్ వెయ్యకండి. ఆ సీసాలో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్. మన కోస్తాలోని రొయ్యపిల్లల హేచరీల్లో క్లోరిన్ వేసి శుద్ధిచేసిన సముద్రపు నీటిలో, పిల్లలను వదిలే ముందు క్లోరిన్‌ను విరవడానికి వాడేదీ అదే. అది ఉన్నచోట మీరు వేసిన చుక్కలు క్రిమిని చేరకముందే చెల్లిపోతాయి. బ్లీచ్ కూడా క్రిప్టోస్పోరిడియం మీద పనిచెయ్యదన్నది గుర్తుండాలి.

తొట్టెలో ఉన్న నీళ్ళనే కాచి తాగవచ్చా అన్నవాళ్ళూ ఉన్నారు. వద్దు. ఉప్పునీటి తొట్టెలో లీటరుకు 35 గ్రాముల లవణం ఉంటుంది కనుక అది ఎలాగూ కుదరదు. మంచినీటి తొట్టెలో నైట్రేటు పేరుకుని ఉంటుంది, కాచేకొద్దీ చిక్కబడుతుంది; పాలడబ్బా పిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. చేపల మచ్చరోగానికి వేసిన మలకైట్ గ్రీన్, రాగి మందుల జాడలు ఉంటే వేడికి అవి పోవు. టాయిలెట్లో పొయ్యడానికి ఆ నీళ్ళు భేషుగ్గా పనికొస్తాయి.

హెచ్చరికలో రాసిన మాటను జాగ్రత్తగా చదవాలి కూడా. 2014 ఆగస్టు 2న ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరం జారీ చేసిన హెచ్చరిక దీనికి పూర్తిగా విరుద్ధం: తాగొద్దు, కాచొద్దు. ఈరీ సరస్సులో విపరీతంగా పెరిగిన నీలి ఆకుపచ్చ నాచు నుంచి మైక్రోసిస్టిన్ అనే విషం కుళాయిల్లోకి వచ్చింది. అది వేడికి చెడదు. కాస్తే నీరు ఆవిరై విషం చిక్కబడుతుంది. అలాంటి రోజున తపేలా కూడా పనికిరాదు, సీసా నీళ్ళే దిక్కు.

మరి చేపల సంగతి? మనుషుల పేగులకు పట్టే క్రిములు చాలామటుకు చేపలను పట్టించుకోవు. చేపకు ముప్పు వేరే వైపు నుంచి వస్తుంది. హెచ్చరిక రోజుల్లో నీటి విభాగాలు క్లోరిన్ మోతాదు పెంచడం కద్దు. మామూలుగా వేసే డీక్లోరినేటర్ చాలకపోవచ్చు. క్లోరమైన్ వాడే ఊళ్ళలో, ఆస్టిన్ వాటిలో ఒకటి, క్లోరిన్‌ను విరిచాక అమ్మోనియా మిగులుతుంది. కాబట్టి ఆ వారం నీళ్ళు మార్చడం వాయిదా వేసి, మేత తగ్గించడం మేలు. తప్పనిసరైతే ముందు క్లోరిన్ పరీక్ష చేసి, మందు దాని ప్రకారం వెయ్యాలి. కాచిన నీళ్ళు పొయ్యాలనుకుంటే అందులో ఆక్సిజన్ ఎగిరిపోయి ఉంటుంది. చల్లారాక గాలిరాయి పెట్టి కొన్ని గంటలు బుడగలు కొట్టనివ్వాలి.

హెచ్చరిక ఎత్తేశాక ముందు కుళాయిలను అయిదు నిమిషాలకు తక్కువ కాకుండా వదిలెయ్యండి. ఆ వారంలో యంత్రం నడిపి ఉంటే మట్టి కాట్రిడ్జ్‌నూ కార్బన్‌నూ పారేసి కొత్తవి బిగించండి, గొట్టాల లోపలి గిన్నెలను బ్లీచ్ నీటితో కడిగి ఆరబెట్టండి. ఆ బ్లీచ్ మెంబ్రేన్‌కు తగలకూడదు. క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుంది. మొదట వచ్చిన నీళ్ళు పారబోసి, తరువాత వచ్చినవి చేపలకు పట్టండి.